బిందె దించి కాసేపు కూర్చో చెల్లీ

విడపనకల్లు వైపు మిరప చేలల్లో సద్ది మూటలు విప్పే వేళ మనం మాట్లాడుకోని సంగతి ఉండదు. కూలి రేటు, కోడలి కాన్పు, మిరప ధర అన్నీ వస్తాయి. ఒక్క మాట మాత్రం పక్కనున్న మనిషి చెవిన కూడా వెయ్యం. "కింద ఏదో జారినట్టుంది" అనే మాట. మంచినీళ్ళ బిందె దించి కూర్చుంటే ఉండలాగా తగులుతుంది, సాయంత్రానికి నడుము లాగేస్తుంది. అయినా పళ్ళ బిగువున ఏళ్ళు గడిపేస్తాం.

నులక మంచం తెలుసు కదా? కటి అడుగున ఉండే కండలు అచ్చంగా ఆ నులకలాంటివే. గర్భసంచి, మూత్రసంచి, పేగు వాటి మీదే ఆనుకుని ఉంటాయి. నులక సడలితే అవి కిందికి జారతాయి. ఆ నులక ఎక్కువగా సడలేది కాన్పుల్లోనే. మామూలు కాన్పులు ఎన్ని ఎక్కువైతే అంత ముప్పు. బిడ్డ బాగా లావుగా ఉన్నా, పట్టుకారు వేసి తీసినా ఒక్క కాన్పుకే సడలొచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వల్లే సంచి జారిందంటారు కొందరు. అందులో కట్టేది నాళాల్ని. సంచిని పట్టి ఉంచేవి అవి కావు.

నాకు కడుపు మండేది బాలింతల సంగతిలో. తొలి కాన్పుకు పుట్టింట్లో మూడు నెలలు కాలు కింద పెట్టనివ్వరు. మూడో కాన్పుకు అదే మనిషి పచ్చి ఒంటితో అత్తింట్లో బిందెలు మోస్తుంది. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోల పైమాటే. ఒళ్ళు ఎక్కువ సడలి ఉండేది ఏ కాన్పుకమ్మా? మూడోదానికి కాదా? 1990లలో సత్యసాయి నీళ్ళ పథకం మన జిల్లా పల్లెలకు రాకముందు బావుల నుంచి మోసిన అత్తలున్నారు. వాళ్ళనొకసారి మెల్లగా అడిగి చూడు.

ముట్లు ఆగాక కండల బలం ఇంకా తగ్గుతుంది. మానని దగ్గు, మలబద్ధకంతో రోజూ ముక్కడం, అధిక బరువు కూడా ఆ నులకనే లాగుతాయి.

"సంచి తీయించేస్తే పీడ పోతుంది" అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు సంచి తీయించుకుని ఉంటే, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. సంచి తీసేసినా సడలిన నులక సడలినట్టే ఉంటుంది. తర్వాత యోని పైభాగమే జారి రావచ్చు. ఆపరేషన్ కావాల్సిన వాళ్ళు లేకపోలేదు. కానీ మొదట్లోనే చూపించుకుంటే చాలామందికి వ్యాయామంతోనో, లోపల అమర్చే సిలికాన్ రింగుతోనో సరిపోతుంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండను ఉత్తప్పుడు బిగించు, ఐదు లెక్కపెట్టి వదులు. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలా, నెలల తరబడి చెయ్యాలి.

నేపాల్‌లో ఎంతోమంది ఆడవాళ్ళు ఇదే బాధ పడుతుంటే, 2008లో అక్కడి సుప్రీంకోర్టు ఇది ఆడవాళ్ళ హక్కుల సంగతని తేల్చింది. మనమేమో ఇంట్లో అమ్మకే చెప్పుకోం.

మూత్రం ఆగిపోయినా, పుండు పడినా, రక్తం కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి పో. అవేవీ లేకపోతే, ఈసారి ఆశా అక్క ఇంటికి వచ్చినప్పుడు ఆమెను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఆ ఒక్క మాట చెప్పు చెల్లీ.