తమ్ముడి చేతికి ఫోన్

చి. మేనకోడలికి,

తమ్ముడికి స్మార్ట్‌ఫోన్ ఇవ్వడానికి అమ్మ భయపడుతోందని రాశావు. ఇవ్వాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పందొమ్మిదేళ్ల కుర్రాడు ఉయ్యూరులో ఎక్కి బెజవాడలో ఒక్కడే బస్సు దిగాలంటే సాధన ఫోన్‌తోనే మొదలుపెట్టాలి.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. దారి నోటితో చెబితే సగం జారిపోతుంది. అదే ఉయ్యూరు బస్టాండు, బస్సు బోర్డు, కంకిపాడు, బెంజి సర్కిల్, పండిట్ నెహ్రూ బస్టాండు ఫొటోలు ఫోన్‌లో వరసగా ఉంటే, ఒక్కొక్కటీ దాటగానే వేలితో జరుపుకుంటూ వస్తాడు. ఆ ఫొటోలు వాడి చేతే తీయించు. మొదట్లో నువ్వూ అదే బస్సెక్కు, కానీ వెనక సీట్లో కూర్చో.

వాడి మాట ఫోన్‌కు అర్థం కాకపోతే వాణ్ణి విసుక్కోవద్దు. లోపం యంత్రానిది. ఇలాంటి గొంతులు దానికి అలవాటు లేవనే 2019లో కెనడా డౌన్ సిండ్రోమ్ సొసైటీ, గూగుల్ కలిసి వీళ్ల గొంతులు సేకరించాయి. చెన్నైలో తయారైన ఆవాజ్ యాప్‌లో బొమ్మ తాకితే ఫోనే మాట పలుకుతుంది. దానివల్ల ఉన్న మాట పోతుందని నాయనమ్మ భయం. పరిశోధనల్లో అలా తేలలేదు.

డబ్బు దగ్గరే అసలు చిక్కు. 2024 ఆగస్టులో వచ్చిన యూపీఐ సర్కిల్ ఇందుకు బాగా పనికొస్తుంది. ఖాతా అమ్మదే, స్కాన్ చేసేది వాడు. మొదట ప్రతి చెల్లింపునూ అమ్మ తన పిన్‌తో ఒప్పుకోవచ్చు. చెయ్యి తిరిగాక నెలకు ఇంతని పరిమితి పెట్టి వదిలేయొచ్చు. అది 15,000 రూపాయలు దాటడానికి వీల్లేదు. వాడు రెండు కూల్‌డ్రింకులు కొన్నాడని పంచాయితీ పెట్టకండి, ఆ వయసులో నువ్వూ కొన్నావు.

ఎక్కడున్నాడో చూపించే లొకేషన్ షేరింగ్ మాత్రం వాడికి చెప్పి, ఒప్పుకున్నాకే పెట్టాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకుణ్ణి సైతం వాళ్లతో సంప్రదించి, కలిసే నిర్ణయించమంటోంది. ఇంట్లోవాళ్లు చాటుగా నిఘా పెడితే వాడు ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్లడం నేర్చుకుంటాడు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. వాడికి ఏది ఎంతవరకు నేర్పొచ్చో అక్కడి నిపుణులను అడుగు. ఈలోగా ఫోన్ తెరవకుండానే అమ్మ నంబరు, బ్లడ్ గ్రూపు కనిపించేలా పెట్టి, రాత్రిపూట ఛార్జింగ్ పెట్టుకునే పని వాడికే అప్పగించు.

మావయ్య,
విజయవాడ