వానకారు కొరకు దాచిన కూరలు

గోదావరి లంకలలో ఆషాఢ శ్రావణములు కష్టకాలము. పెరటిలోని పాదులు నీట మునిగి కుళ్లిపోవును. నది పొంగినచో రేవు దాటి సంతకు పోవుట సాధ్యము కాదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన గొప్ప వరదలలో అనేక లంకగ్రామములకు పడవ తప్ప వేఱు దారి లేకపోయెను. అట్టి దినములలో అటకమీద ఏమున్నదో అదియే ఆ యింటి కూర. కావుననే ఇల్లాండ్రు ఎండలు ముదిరిన నాటినుండియే వానకారునకు సిద్ధపడుదురు.

చలిదేశములలో ఈ పని వేఱొక విధముగా సాగును. అచ్చట శీతకాలమున తోటలు పండవు. కావున దుంపలను, ఆపిలు పండ్లను ముందుగనే నేలమాళిగలలో దాచుదురు. చలియే వానిని కాపాడును. తెలుగునాట అంతటి చలి లేదు. కాని ఎండ కలదు, ఉప్పు కలదు.

కాయ కోసిన పిమ్మటను ప్రాణముతోనే యుండి శ్వాసించుచుండును. కూరగాయలలో నూటికి ఇంచుమించు 90 పాళ్లు నీరే. బూజునకును, సూక్ష్మజీవులకును ఆ నీరే ఆధారము. ఆ నీటిని తీసివేయవలెను, లేదా దానిని ఆ జీవులకు దక్కకుండ చేయవలెను. ఇంటి నిలువలలో పెక్కింటికి మూలమిదియే.

ఒరుగులు పట్టుటలో ఈ విషయము తేటపడును. గోరుచిక్కుడు కాయలకు నార తీసి, ఉప్పునీట ఒక పొంగు రానిచ్చి, వార్చి చాపపై పలుచగా పఱతురు. కాకరకాయలను చక్రములుగా తరిగి, ఉప్పు కలిపిన మజ్జిగలో నానవేసి ఎండబెట్టుదురు. వంకాయలు, బెండకాయలు, పుల్లమామిడి ముక్కలు కూడ ఒరుగులగును. ప్రొద్దు వాలగనే చాపను లోనికి తేవలెను. లేనిచో రాత్రి చెమ్మను ముక్కలు మఱల పీల్చుకొనును. ముక్కను విఱిచినచో పుటుక్కున విఱుగవలెను. వంగినచో లోపల తడి యున్నదన్నమాట. ఎండినవానిని వేడివేడిగా డబ్బాలో పోయరాదు. ఆ వేడికి పుట్టిన ఆవిరి మూతకు తగిలి, నీరై మఱల ముక్కలపైననే పడును. ఇచ్చట తొందరపడిన ఇల్లాలు శ్రావణమున మూత తీసి బూజును చూచును.

కొన్నింటిని ఎండబెట్టనక్కఱలేదు. బాగుగా ముదిరిన బూడిదగుమ్మడిని తొడిమతో కోసి, ఉట్టిలో పెట్టి దూలమునకు వ్రేలాడదీయుదురు. పైనున్న బూడిద దానికి కవచము. శుభ్రము పేరిట దానిని తుడుచుట తెలివితక్కువ పని. కందదుంపలను కడుగక, మన్ను దులిపి, పొడి యిసుకలో ఉంచుదురు. నీరుల్లిని ఎండిన కాడలతో జడలుగా అల్లి గాలి తగులుచోట కట్టుదురు. వారమున కొకసారి అన్నింటిని చేతితో తడవి చూచి, మెత్తబడినదానిని వెంటనే వేఱుచేయవలెను.

ఆవకాయ సంగతి తెలుగువారికి చెప్పనక్కఱలేదు. మాగాయ పద్ధతి మాత్రము గమనింపదగినది. చెక్కు తీసిన మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచగా, మూడవనాటికి జాడీలో ఊట నిలుచును. ఆ నీరు ఎవ్వరును పోసినది కాదు. ఉప్పు ముక్కనుండి లాగినది. ముక్కలను పిండి, వానిని, ఊటను వేఱువేఱుగా ఎండలో ఉంచి, పిదప కారము, ఆవ, మెంతి కలిపి నూనె పోయుదురు. ముక్కలపై తేలిన నూనె గాలిని లోనికి పోనీయదు. ఒక్క తడిగరిటె చాలును, ఈ శ్రమయంతయు వ్యర్థమగుటకు. బూజు పట్టినచో పైపైన తీసివేసి మిగిలినది తినువారు కలరు. అది ప్రమాదము. కంటికి కనబడని పోగులు లోనికి దిగియుండును. కొన్ని బూజులు విషమును పుట్టించును. జాడీ ఎంత పెద్దదైనను పాఱవేయుటయే మేలు.

నేడు పెక్కిండ్లలో శీతలయంత్రము కలదు. వరదలో విద్యుత్తు ఆగినచో కొన్ని గంటలలోనే దానిలోని చల్లదనము పోవును. అప్పుడు ఇల్లాలు అటకమీది డబ్బాను దింపి, గుప్పెడు గోరుచిక్కుడు ఒరుగులను వేడినీట నానవేసి, పిండి, కందిపప్పులో వేయును. పొడిచేతితో మాగాయ తీసి, జాడీకి వాసెనగుడ్డ మఱల బిగించి కట్టును.