రూపానికి మేనిరంగు

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరు తెరపై కదలాడే ప్రతి ఆటబొమ్మ వెనుక గణితం, చిత్రకళ, ఓర్పు అనే మూడూ కలిసి పనిచేస్తాయి. వీడియో గేములలోకి అభిమానులు స్వయంగా తయారుచేసి చేర్చే వస్తువులకు ఉపరితల చిత్రాలను ఎలా సమకూరుస్తారో, ఆ పనిలో పాటించవలసిన నీతి ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

శిల్పి ఎంత చక్కగా చెక్కినా, రంగు అద్దేవరకు కొయ్యబొమ్మ కొయ్యే. పెదవికి ఎరుపు, కంటికి నలుపు, చీర అంచుకు పసుపు పడిన తరువాతనే అది పెళ్ళికూతురో, చల్లకుండ ఎత్తుకున్న గొల్లభామో అవుతుంది. కంప్యూటరులో రూపొందే బొమ్మకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

గణితంలో త్రిపరిమాణ నిరూపకాలను చదివిన విద్యార్థికి ఈ బొమ్మ నిర్మాణం కొత్తది కాదు. ఎక్స్, వై, జెడ్ అనే మూడు నిరూపకాలతో కొన్ని బిందువులను గుర్తిస్తారు. బిందువులను కలిపితే త్రిభుజాలు, త్రిభుజాలను కలిపితే వల వంటి రూపం ఏర్పడతాయి. దీనినే ‘మెష్’ అంటారు. ఈ రూపానికి ఆకారం ఉంటుంది కాని మేనిరంగు ఉండదు. దాని మీద చుట్టే చిత్రమే ‘టెక్స్చర్’. నేత అనే అర్థం గల లాటిన్ పదం నుండి పుట్టిన మాట ఇది. బొమ్మకు వస్త్రం కట్టడమే కదా ఈ పని!

ఈ విద్యకు పునాది 1974లో పడింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ తన డాక్టరేటు సిద్ధాంత వ్యాసంలో, వంపు తిరిగిన ఉపరితలం మీద చిత్రాన్ని అతికించే విధానాన్ని ప్రతిపాదించాడు. ఉపరితలాన్ని నిజంగా ముడతలు పెట్టకుండానే, వెలుగును లెక్కించే తీరును మార్చి ముడతలున్నట్లు భ్రమ కల్పించవచ్చునని 1978లో జేమ్స్ బ్లిన్ నిరూపించాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు చేసిన సేవకు కాట్మల్, ప్యాట్ హాన్రహాన్‌తో కలిసి 2019 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకున్నాడు.

పరిశోధనశాలలో పుట్టిన ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చింది ఆటల ద్వారానే. 1993లో విడుదలైన ‘డూమ్’ ఆటలో బొమ్మలు, శబ్దాలు, రంగస్థలాలు ప్రధాన ప్రోగ్రాముతో కలిసిపోకుండా వేరే ఫైళ్ళలో ఉండేవి. అందువల్ల ఆటగాళ్ళు వాటి స్థానంలో తమ సొంత బొమ్మలను చేర్చగలిగారు. ఇలా అభిమానులు చేసే మార్పులను ‘మోడ్’లు అంటారు. ‘హాఫ్ లైఫ్’ ఆటకు మోడ్‌గా 1999లో మొదలైన ‘కౌంటర్ స్ట్రైక్’ తరువాత స్వతంత్రమైన ఆటగా ప్రసిద్ధి పొందింది. బెథెస్డా సంస్థ 2011లో ‘స్కైరిమ్’ ఆటను విడుదల చేసి, 2012లో దానిని మార్చుకోవడానికి అవసరమైన పనిముట్లను కూడా ఉచితంగా అందించింది.

స్కైరిమ్ ఆటలోకి కొత్తగా ఒక ఖడ్గాన్ని చేర్చదలచిన ఔత్సాహికుని ఉదాహరణగా తీసుకుందాం. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో అతడు ఖడ్గరూపాన్ని సిద్ధం చేసుకున్నాడు. ఇక మొదటి పని దానిని విప్పి పరచడం. దర్జీ చదునైన బట్టను కత్తిరించి, కుట్టి, ఒంటికి సరిపోయే చొక్కా చేస్తాడు. ఇక్కడ జరిగేది దానికి విపర్యయం. తయారైన చొక్కాను కుట్లు విప్పి బల్లమీద పరచినట్లు, ఖడ్గపు ఉపరితలాన్ని చదునుగా పరుస్తారు. ఎక్స్, వై, జెడ్ అనే అక్షరాలు ముందే రూపానికి చెందాయి కనుక, ఈ చదునైన తలానికి యూ, వీ అనే అక్షరాలను వాడతారు. అందుకే ఈ ప్రక్రియకు ‘యూవీ మ్యాపింగ్’ అని పేరు.

కుట్టు ఎక్కడ వేయాలో తెలియడమే ఇందులోని నేర్పు. మంచి దర్జీ కుట్టును చంక కింద దాచినట్లు, మంచి పనివాడు దానిని ఖడ్గపు అంచు వెంట, పిడి అడుగున దాస్తాడు. పని సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చదరంగపు బల్ల వంటి నలుపు తెలుపు గళ్ళ చిత్రాన్ని ముందుగా అతికించి చూస్తారు. గళ్ళు సమచతురస్రాలుగా కనిపిస్తే కొలత సరిపోయినట్లు. ఒకచోట సాగి, మరొకచోట ముడుచుకుంటే మళ్ళీ విప్పవలసిందే.

రెండవది వర్ణలేపనం. ఇక్కడ చేతికంటే కన్ను ముఖ్యం. తెలియనివాడు ఖడ్గమంతటికీ ఒకే బూడిదరంగు పూసి, అక్కడక్కడ తుప్పు మరకలు చల్లుతాడు. తెలిసినవాడు ముందు ప్రశ్నలు వేసుకుంటాడు. ఈ ఖడ్గాన్ని ఎవరు పట్టారు? ఎంతకాలం పట్టారు? ఎక్కడ దాచారు? అరచేయి ఒరసుకున్నచోట పిడికి చుట్టిన తోలు చెమటకు నల్లబడి నునుపెక్కుతుంది. సానపట్టిన అంచు మెరుస్తుంది. చెక్కిన గీతల లోతులో మట్టి నిలుస్తుంది. తేమ ఆగేచోటనే తుప్పు పుడుతుంది. గాలీ చేయీ ఆడేచోట పుట్టదు. ఇంటిలోని పాత కత్తిపీటనో, గునపాన్నో నిదానంగా పరిశీలించినవానికి ఈ సత్యం పుస్తకం లేకుండానే బోధపడుతుంది. మరకకు కారణం ఉన్నప్పుడే అది నిజమనిపిస్తుంది.

మరొక జాగ్రత్త అవసరం. వెలుగునీడలను రంగులోనే చిత్రించే అలవాటు పాత ఆటలలో ఎక్కువగా ఉండేది; ఆనాటి యంత్రాలకు వెలుగును లెక్కించే శక్తి తక్కువ. నేటి ఆటలో సూర్యుడు కదులుతాడు, కాగడా చేతులు మారుతుంది. రంగులో ఎడమవైపు నీడ గీసి ఉంచితే, ఎడమనుండి వెలుగు పడినప్పుడు బొమ్మ అబద్ధమాడినట్లు తోస్తుంది. కనుక రంగును రంగుగా ఉంచి, వెలుగు పనిని వెలుగుకే విడిచిపెట్టాలి.

మూడవది ‘నార్మల్ మ్యాప్’. గణితంలోని అభిలంబమే ఇది. ఉపరితలం ప్రతి బిందువు వద్ద ఏ దిక్కుకు చూస్తున్నదో తెలిపే సదిశకు మూడు అంశాలుంటాయి. వాటిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలుగా మార్చి చిత్రంలో భద్రపరుస్తారు. చదునైన చోట ఆ విలువలు 128, 128, 255. అందుకే ఈ చిత్రం ఎప్పుడూ లేత ఊదా కలిసిన నీలిరంగులో కనిపిస్తుంది. ఒక్క త్రిభుజం కూడా పెంచకుండా పిడిమీద మేకుల తలలు ఉబ్బెత్తుగా కనిపించేటట్లు చేయగల విద్య ఇది. అయితే ఆకుపచ్చ విలువను పై దిక్కుకు లెక్కించే పద్ధతి ఒకటి, కింది దిక్కుకు లెక్కించే పద్ధతి మరొకటి వాడుకలో ఉన్నాయి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే ఉబ్బెత్తు మేకులు గుంటలుగా మారిపోతాయి. ప్రారంభకులు తరచుగా చేసే పొరపాటు ఇది.

నాలుగవది పరిమాణం. ఈ చిత్రాల కొలతలు సాధారణంగా 512, 1024, 2048 వంటి రెండు యొక్క ఘాతాలుగా ఉంటాయి. పొడవు, వెడల్పు 1024 బిందువులు గల చిత్రానికి, బిందువుకు 4 బైట్ల చొప్పున 4 మెగాబైట్ల జ్ఞాపకశక్తి కావాలి. 4096కు పెంచితే అది 64 మెగాబైట్లు అవుతుంది. చేతిలో పట్టే కత్తికి ఇంత వ్యయం తగదు. అందువల్ల 16 బిందువులను ఒక గడిగా చేసి, దానిని 8 లేదా 16 బైట్లకు కుదించే పద్ధతిని వాడతారు. దూరాన ఉన్న వస్తువుకోసం అదే చిత్రాన్ని సగానికి, మళ్ళీ సగానికి తగ్గించిన ప్రతులను కూడా జతచేస్తారు. 1983లో లాన్స్ విలియమ్స్ వివరించిన ఈ పద్ధతికి ‘మిప్ మ్యాప్’ అని పేరు. అల్పంలో అనల్పం అనే భావం గల లాటిన్ పదబంధంలోని మొదటి అక్షరాలే ‘మిప్’. ఇన్ని ప్రతులకు అదనంగా పట్టే చోటు మూలంలో మూడవ వంతు మాత్రమే. నాలుగవ వంతు, పదహారవ వంతు అంటూ సాగే గుణశ్రేఢి మొత్తాన్ని లెక్కించి విద్యార్థులే దీనిని సరిచూసుకోవచ్చు.

చివరిగా, చిత్రం ఎక్కడ ఉన్నదో బొమ్మ ఫైలుకు తెలియజేయాలి. ఆ చిరునామాలో తన సొంత కంప్యూటరు దారిని రాసినవానికి తన ఇంట ఖడ్గం ధగధగ మెరుస్తుంది. ఇతరుల ఇంట చిత్రం దొరకక ఊదారంగు ముద్దగా కనిపిస్తుంది. అందుచేత పంచిపెట్టేముందు వేరొక కంప్యూటరులో పరీక్షించడం అత్యవసరం.

ఇంత శ్రమకూ చాలామంది ఆశించే ప్రతిఫలం ఒక పేరు, ఒక మంచిమాట. మోడ్‌ల లోకం పరోపకారం మీద నిలిచింది. ఒకరు చెక్కిన రూపానికి మరొకరు రంగు వేస్తారు. ఒకరి రంగును అడిగి తీసుకుని ఇంకొకరు మెరుగుపరుస్తారు. 2015 ఏప్రిల్ 23న స్కైరిమ్ మోడ్‌లను వెలకు అమ్ముకునే ఏర్పాటు ‘స్టీమ్’ అంగడిలో మొదలైంది. తయారుచేసినవానికి దక్కే వాటా నూటికి 25. ఇతరుల పనిని కలుపుకున్న వస్తువుకు వెల ఎవరిది, కానుకగా ఇచ్చినదానిని అమ్మవచ్చునా అనే వివాదాలు చెలరేగాయి. ఏప్రిల్ 27న ఆ ఏర్పాటును ఉపసంహరించారు. ఎంపిక చేసిన తయారీదారుల పనికి వెలకట్టే వేరొక పద్ధతిని బెథెస్డా 2017లో ప్రవేశపెట్టింది. శ్రమకు కూలి అడగడం తప్పు కాదు. అయితే ఎవరి శ్రమ ఎంత అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదు.

సమాధానం దొరకని చోట మర్యాద దారి చూపుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి ఫోటో అందరి సొత్తు కాదు. ఒక సంస్థ ఆటలోని చిత్రాన్ని మరొక సంస్థ ఆటలోకి తరలించే హక్కు అభిమానికి లేదు. అనుమతి అడగాలి, ఇచ్చినవారి పేరు మోడ్‌తో పాటు ఇచ్చే వివరణ పత్రంలో రాయాలి. పేరు రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. దాని వెనుక ఉన్న పనికి ఎన్నో రాత్రులు పట్టి ఉంటాయి. పరాయి పనిని తనదని చెప్పుకున్నవాని ఖడ్గం ఎంత మెరిసినా, ఆ మెరుపు వానిది కాదు.

కఠిన పదాలు – అర్థాలు

నిరూపకాలు = బిందువు స్థానాన్ని తెలిపే సంఖ్యలు
విపర్యయం = తారుమారు, వ్యతిరేకం
వర్ణలేపనం = రంగు పూయడం
అభిలంబం = తలానికి నిట్టనిలువుగా ఉండే రేఖ
ఘాతం = ఒక సంఖ్యను దానితోనే గుణించగా వచ్చేది
అనల్పం = అల్పం కానిది, గొప్పది
ఉపసంహరించు = వెనుకకు తీసుకొను

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఖడ్గానికి ఉపరితల చిత్రాన్ని సమకూర్చే దశలను వివరించండి.
2. మోడ్‌ల తయారీలో పాటించవలసిన నీతిని పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. యూవీ మ్యాపింగ్‌ను దర్జీ పనితో ఎలా పోల్చారు?
2. ‘మరకకు కారణం ఉన్నప్పుడే అది నిజమనిపిస్తుంది’ – వివరించండి.
3. వెలుగునీడలను రంగులోనే చిత్రించడం నేడు ఎందుకు తగదు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కాట్మల్ సిద్ధాంత వ్యాసం వెలువడిన సంవత్సరం ఏది?
2. నార్మల్ మ్యాప్‌లో చదునైన చోట విలువలు ఎంత?
3. మిప్ మ్యాప్ ప్రతులకు అదనంగా పట్టే చోటు ఎంత?

భాషాంశాలు

సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
పరోపకారం = పర + ఉపకారం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు
మేనిరంగు – మేని యొక్క రంగు – షష్ఠీ తత్పురుష సమాసం
వెలుగునీడలు – వెలుగును, నీడయును – ద్వంద్వ సమాసం
కొయ్యబొమ్మ – కొయ్యతో చేసిన బొమ్మ – తృతీయా తత్పురుష సమాసం

అభ్యాసం: ఇంటిలోని ఒక పాత వస్తువును పరిశీలించి, దాని మీది ప్రతి మరకకు, అరుగుదలకు కారణాన్ని పది వాక్యాలలో రాయండి.