హంబోల్టు జట్టు

కెనడా దేశమందలి సస్కాచెవాన్ రాష్ట్రమున హంబోల్టు అను చిన్న పట్టణము కలదు. అచ్చటి యువకుల జట్టగు బ్రాంకోస్ రాష్ట్ర జూనియర్ ఐస్‌హాకీ లీగులో ఆడుచుండును. ఉక్కుబద్దల జోళ్ళతో మంచుగడ్డపై జారుచు ఆడెడి ఆట అది.

2018 ఏప్రిల్ 6వ తేదీన వారు సెమీఫైనలు పోటీకై నిపావిన్ పట్టణమునకు బస్సులో పోవుచుండిరి. కూడలిలో ఆగవలసిన లారీ ఆగక అడ్డువచ్చెను. 16 మంది మరణించిరి. 13 మంది గాయపడిరి. దేశమంతటను ప్రజలు తమ వాకిళ్ళయందు హాకీకఱ్ఱలు నిలిపి సంతాపము తెలిపిరి.

మృతులలో నొక యువకుడు అవయవదానమునకు ముందుగనే సమ్మతించి యుండెను. అందువలన ఆరుగురు మేలు పొందిరి. అది విని, కొలది వారములలో సుమారు లక్షమంది దాతలుగా పేర్లు వ్రాయించుకొనిరి.

సెప్టెంబరు 12వ తేదీన కొత్త క్రీడాకాలము మొదలయ్యెను. ప్రత్యర్థి నిపావిన్ జట్టే. ప్రమాదమున బ్రతికిన ఇరువురు కొత్తవారితో కలిసి మంచుపైకి దిగిరి. ఆ రాత్రి హంబోల్టు 2-1 తేడాతో ఓడెను. ఓడినను, జట్టు నిలిచెను.