క్లబ్బు బోర్డు మీద ఒక సంతకం

ఒకప్పటి రంగూన్, ఇప్పటి యాంగోన్ నడిబొడ్డున, నదికి ఆనుకుని లత అనే పేట ఉంది. పేరు వింటే తెలుగువాడికి తీగ గుర్తొస్తుంది గానీ, బర్మీస్‌లో ఆ మాటకి వెన్నెల కాయడమని అర్థం. చైనావాళ్ళ పేటగా దానికి పేరు. సాయంత్రమైతే 19వ వీధి నిండా నిప్పుల మీద మాంసం, చేపలు కాల్చే పొగ. ఆ పేటకి తూర్పు హద్దు ష్వేడగోన్ పగోడా రోడ్డు. అక్కడి చిన్న రైల్వే స్టేషన్‌లో 1924 నవంబరులో ఒక సంఘటన జరిగింది.

కాలేజీ కుర్రాళ్ళు కొందరు మెట్ల మీద తోసుకుంటూ ఆడుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు చూసుకోక ఒక పొడవాటి తెల్లదొరకి తగిలాడు. దొర మెట్ల మీద నుంచి జారి పడ్డాడు. లేచి, చేతిలో ఉన్న బరువైన బెత్తం ఎత్తాడు. తల మీద కొట్టబోయి, ఏమనుకున్నాడో, ఆఖరి క్షణంలో చెయ్యి మళ్ళించి వీపు మీద కొట్టాడు. కుర్రాళ్ళు ఊరుకోలేదు. అతని వెంట రైలెక్కి, అతను దిగే స్టేషన్ దాకా వాదిస్తూనే ఉన్నారు. అక్కడున్న విద్యార్థుల్లో మౌంగ్ ఠిన్ ఆంగ్ ఒకరు. తరవాత రంగూన్ విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యి, ఈ సంగతి రాసిపెట్టింది ఆయనే. దెబ్బ కొట్టిన పోలీసు అధికారి పేరు ఎరిక్ బ్లెయిర్. పదేళ్ళ తరవాత జార్జ్ ఆర్వెల్ అన్న పేరుతో ‘బర్మీస్ డేస్’ నవల రాసింది అతనే.

నవలలో అదే బెత్తం మళ్ళీ కనిపిస్తుంది. ఈసారి ఎల్లిస్ అనే కలప వ్యాపారి చేతిలో. దెబ్బ కుర్రాడి కళ్ళ మీద పడుతుంది. నాటువైద్యం వికటించి వాడికి చూపు పోతుంది, ఊరు తిరగబడుతుంది. నిజజీవితంలో ఆఖరి క్షణంలో మళ్ళిన చెయ్యి, కథలో మళ్ళలేదు. తాను ఇంకో అంగుళం ముందుకు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో రచయిత తనకి తానే చూపించుకున్నట్టుంటుంది ఆ ఘట్టం.

కథాస్థలం క్యౌక్తడా అనే చిన్న ఊరు. ఆర్వెల్ బర్మాలో చివరగా పనిచేసిన కాథా పట్టణమే దానికి నమూనా. ఊళ్ళో తెల్లవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది, వాళ్ళకో క్లబ్బు. ఒక్క స్థానికుణ్ణయినా సభ్యుడిగా చేర్చుకోమని పైనుంచి సూచన వస్తుంది. అర్హుడు డాక్టర్ వీరాస్వామి, సివిల్ సర్జన్. అతను తెలుగువాడని గానీ తమిళుడని గానీ నవల చెప్పదు. ఆ క్లబ్బులో ఎవరికీ అది అడగవలసిన ప్రశ్నే కాదు.

ఎల్లిస్ లాంటి వాళ్ళ ద్వేషం గురించి ఎంత రాసినా పాఠకుడికి ఇబ్బంది ఉండదు. ‘నేను అలాంటివాణ్ణి కాదు’ అనుకుని హాయిగా పేజీ తిప్పొచ్చు. చిక్కు ఫ్లోరీతో వస్తుంది. అతనూ ఆ క్లబ్బు తెల్లవాళ్ళలో ఒకడే, కానీ వీరాస్వామికి స్నేహితుడు. డాక్టరు వరండాలో కూర్చుని బ్రిటిష్ పాలనని ఎండగడతాడు. విచిత్రంగా, ఆ పాలనని వెనకేసుకొచ్చేది వీరాస్వామే; తన జాతిని తానే తక్కువ చేసి మాట్లాడతాడు. అలాంటి ఫ్లోరీ ముందుకి ఎల్లిస్ ఒక కాగితం తెస్తాడు. స్థానికుల్ని చేర్చుకోవడానికి ఒప్పుకునేది లేదని, అవమానకరమైన మాటలతో రాసిన ప్రకటన. ఫ్లోరీకి అందులో ఒక్క ముక్క మీదా నమ్మకం లేదు. అయినా సంతకం పెడతాడు. గొడవెందుకని.

నవల మొత్తానికి ఇరుసు ఆ సంతకమే. వీరాస్వామి నిజానికి క్లబ్బులో అడుగు పెట్టాలనుకోలేదు, సభ్యుడన్న పేరుంటే చాలనుకున్నాడు. ఊ పో చిన్ అనే స్థానిక మేజిస్ట్రేటు అతని మీద ఆకాశరామన్న ఉత్తరాలు రాయిస్తున్నాడు. ఆ ఊళ్ళో ఒక మనిషి మీద వచ్చిన నింద నిలబడేదీ వీగిపోయేదీ సాక్ష్యాన్ని బట్టి కాదు, అతనికున్న పరపతిని బట్టి. క్లబ్బు సభ్యత్వమే అతనికి కవచం. స్నేహితుడికి ఆ కవచం ఇప్పించడానికి ఫ్లోరీ చెయ్యాల్సింది ఒక్కటే: నలుగురి మధ్య నోరు విప్పడం. తరవాత విప్పుతాడు కూడా. సమావేశంలో ధైర్యంగా డాక్టరు పేరు ప్రతిపాదిస్తాడు. అప్పటికి ఆలస్యమైంది. చివరికి ఫ్లోరీ తన పరువు పోయి ప్రాణం తీసుకుంటాడు. వీరాస్వామిని హోదా తగ్గించి మాండలే ఆసుపత్రికి బదిలీ చేస్తారు. క్లబ్బులో చేరింది ఊ పో చిన్.

ఆర్వెల్‌ది కల్పన. కానీ అదే కాలంలో నిజంగా కుర్చీలో కూర్చుని పరీక్ష ఎదుర్కొన్న వాడొకడున్నాడు. మారిస్ కాలిస్ 1929-30లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు. కారుతో ఇద్దరు బర్మీస్ స్త్రీలను గాయపరిచిన బ్రిటిష్ సైనికాధికారికి జైలుశిక్ష వేశాడు. తెల్లవాళ్ళ సమాజం భగ్గుమంది. అతన్ని ఆ పదవి నుంచి తప్పించారు. 1938లో ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ పేరుతో ఆ అనుభవాలు పుస్తకంగా వేశాడు. ఫ్లోరీ పెట్టిన సంతకం అతను పెట్టలేదు. వెలకట్టే తీరు మాత్రం ఇద్దరి విషయంలోనూ ఒకటే.

తెలుగువాళ్ళు ఈ కథలో ప్రేక్షకులు కారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలాదిమంది ఓడెక్కి ‘రంగం’, అంటే రంగూన్, పోయారు. మేస్త్రీల కింద రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు. బర్మావాళ్ళు వాళ్ళందరికీ పెట్టిన పేరు కోరంగీలు. కాకినాడ పక్కనున్న ఒక రేవు పేరు, ఆ రేవు మొహం చూడని వాళ్ళకి కూడా ఇంటిపేరై కూర్చుంది. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి. రాజీ కుదరగానే, అంటే మే 26 ఉదయానికి, పాతవాళ్ళు పనిలోకి వచ్చారు. అదే ఉదయం పనికొచ్చిన బర్మావాళ్ళకి చోటు లేదు. ఎగతాళి మాటలు, తోపులాట, ఆ తరవాత కత్తులు. అధికారిక లెక్క ప్రకారమే 120 మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులు. రెండు వైపులా పస్తులున్నవాళ్ళే. ఆ పస్తులకి కారణమైన కంపెనీ ఆఫీసు మీద ఎవరి చూపూ పడలేదు. 1931 జనవరిలో రంగూన్‌లో దాడులకి గురయ్యే వంతు చైనావాళ్ళదయింది, 1967 జూన్‌లో మళ్ళీ వాళ్ళదే.

మనిషికి పేరు తీసేసి గుంపు పేరు తగిలించడంతోనే ఇదంతా మొదలవుతుంది. ‘బర్మీస్ డేస్’ ముందు 1934లో అమెరికాలో వచ్చింది. పరువునష్టం దావాలకి జడిసి మరుసటి ఏడు లండన్ ప్రచురణలో పాత్రల పేర్లు కొన్ని మార్చారు. అందులో వీరాస్వామి ‘మూర్ఖస్వామి’ అయ్యాడు! తెలుగు పాఠకుడికి నవ్వూ ఒళ్ళుమంటా రెండూ ఒకేసారి వస్తాయి.

నవ్వేశాక ఒకసారి హైదరాబాద్‌లో కొత్తగా లేస్తున్న ఏ అపార్ట్‌మెంట్ దగ్గరికైనా వెళ్ళొచ్చు. గోడ కట్టే మనిషి ఒడిశా నుంచి వచ్చినా, బీహార్ నుంచి వచ్చినా, జార్ఖండ్ నుంచి వచ్చినా ‘భయ్యా’యే, లేదంటే ‘బీహారీ’యే. పక్కవీధిలో సెల్‌ఫోన్ పోతే కాలనీ వాట్సాప్ గ్రూపులో మొదటి అనుమానం అతని మీదే. ఆ సందేశం రాసేవాడు ఒకడే ఉంటాడు. కింద బొటనవేలు గుర్తు పెట్టేవాళ్ళు ముప్ఫైమంది. ఆ ముప్ఫైమందిలో ద్వేషం ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో; మిగతావాళ్ళు ఫ్లోరీలు. గొడవెందుకని. ‘ఎవరైనా చూశారా? చూడకుండా ఎలా అంటాం?’ అని ఒకరు టైపు చేస్తే ఆ సంభాషణ తరచూ అక్కడే చల్లబడుతుంది. ఆ ఒక్క వాక్యం టైపు చెయ్యడానికి బొటనవేలు ఎంత బరువెక్కుతుందో చేసినవాళ్ళకే తెలుసు.

ఆర్వెల్ 1927లో సెలవు మీద ఇంగ్లండు వెళ్ళి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. 1937లో వచ్చిన ‘ది రోడ్ టు విగన్ పియర్’లో బర్మా రోజులు తలుచుకుంటూ, తాను కసిరిన ముసలి రైతులు, కోపంలో పిడికిలితో గుద్దిన నౌకర్లు, కూలీలు, వాళ్ళ ముఖాలు తనని వదల్లేదని ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో రంగూన్‌లో కూలీ అంటే చాలాసార్లు తెలుగువాడే. ఆ ముఖాల్లో కోరంగీ ముఖం ఉందో లేదో అతను రాయలేదు. పేర్లు అతనికి తెలిసి ఉండవు.