బొబ్బిలి కోటలో ఆ రోజు

బొబ్బిలి, విజయనగరం ఇరుగుపొరుగు సంస్థానాలు. వాటి మధ్య ఏటి నీళ్ల తగాదా కూడా ఉండేదని చెప్తారు. తగువు ముదిరింది. విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని తోడు తెచ్చుకున్నాడు.

1757 జనవరి 24. తెల్లారింది. బొబ్బిలిది మట్టికోట. చుట్టూ అడవే దానికి రక్ష. బుస్సీ దగ్గర ఫిరంగులున్నాయి. నాలుగు బురుజుల మీద ఒకేసారి దాడి చేయించాడు. గోడలకు గండ్లు పడ్డాయి. బొబ్బిలి వాళ్లు గండ్ల దగ్గరే నిలబడి పోరాడారు. పైకెక్కిన వాళ్లను మళ్లీ మళ్లీ వెనక్కి నెట్టారు. మధ్యాహ్నం దాటాక ఇక నిలవలేమని తెలిసిపోయింది.

కోటలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. శత్రువుకు చిక్కకూడదని వాళ్లను సొంతవాళ్లే చంపేశారు. రాజు రంగారావు పోరులో పడిపోయాడు.

మూడో రాత్రి విజయరామరాజును డేరాలోనే చంపేశారు. చంపింది తాండ్ర పాపారాయుడని కథల్లో చెప్తారు. గెలిచినవాడూ మిగల్లేదు. 1758లో విజయనగరం కొత్త రాజు ఇంగ్లీషు వాళ్లను పిలిచాడు. చివరికి రెండు సంస్థానాలూ ఇంగ్లీషు కంపెనీకే కప్పం కట్టాయి.

వీరుల పేర్లు అందరికీ తెలుసు. చనిపోయిన ఆ తల్లుల్లో ఎంతమంది పేర్లు మనకి తెలుసు?

ఆలోచించండి:
1. ఈ యుద్ధంలో లాభం ఎవరికి?
2. మీ ఊళ్లో నీటి తగాదా వస్తే ఎలా తీర్చుకుంటారు?