సెప్సిస్ – కాపలా కణాలు అదుపు తప్పితే

కాలికి ముల్లు గుచ్చుకుంటే మర్నాటికి అక్కడ ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది జబ్బు కాదు, దేవుడు మన ఒంట్లో పెట్టిన కాపలా మేలుకున్నదని గుర్తు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ముందుగా అక్కడికి చేరి, క్రిములను మింగి తామూ చనిపోతాయి. చీములో ఎక్కువగా ఉండేవి అవే.

మరి ఈ పోరాటాన్ని ఆపేదెవరు? మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు. సైటోకైన్లు అనే రసాయనాలతో మొదట ఇతర కణాలను సాయానికి పిలిచేవీ ఇవే. తరువాత చనిపోయిన న్యూట్రోఫిల్స్‌ను మింగి శుభ్రం చేస్తాయి. అలా మింగాక వాటి తీరే మారి, ఇంటర్‌ల్యూకిన్-10 వంటి వాపు తగ్గించే పదార్థాలను వదులుతాయి. రెగ్యులేటరీ టి కణాలు కూడా మిగతా కణాలకు కళ్ళెం వేస్తాయి. వీటికి సంబంధించిన పరిశోధనకే 2025లో వైద్య నోబెల్ బహుమతి లభించింది.

సెప్సిస్‌లో ఈ అదుపు తప్పుతుంది. పుండు చీము పట్టగానే మనవాళ్ళు "సెప్టిక్ అయింది" అంటారు గాని, సెప్సిస్ అంతకంటే చాలా ప్రమాదం. ఇన్ఫెక్షన్ పుండులో ఉన్నా, ఊపిరితిత్తుల్లో ఉన్నా, మూత్రనాళంలో ఉన్నా దెబ్బ ఒళ్ళంతటికీ తగులుతుంది. సన్నని రక్తనాళాల నుండి నీరు బయటికి కారి బి.పి. పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2017లో ప్రపంచంలో సుమారు 1.1 కోట్ల మంది సెప్సిస్ సంబంధంగా చనిపోయారని అంచనా.

అలాగని ఇన్‌ఫ్లమేషన్‌ను పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా? 1990లలో టి.ఎన్.ఎఫ్. అనే సైటోకైన్‌ను అడ్డుకునే మందులు ఇచ్చి చూశారు. ఆశించిన మేలు కలగలేదు. ఒక పక్క వాపు ఎక్కువై ఉండగానే, మరో పక్క లింఫోసైట్లు అనే రక్షణ కణాలు పెద్దసంఖ్యలో చనిపోతుంటాయి. అందుకే కోలుకుంటున్న రోగికి మరో ఇన్ఫెక్షన్ సులువుగా పడుతుంది. ఐ.సి.యు.లోకి అందరినీ పంపడం లేదని బంధువులు మామీద కోప్పడుతుంటారు. కారణం ఇదే.

చికిత్సలో ముఖ్యం తొందర. బి.పి. పడిపోయిన రోగికి గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, సెలైన్ ఎక్కించాలి, చీము ఉంటే తీసెయ్యాలి. జ్వరంతో వణుకు, ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే సూది వేయించి రేపు చూద్దామని ఆగవద్దు. వృద్ధులకు, పసిపిల్లలకు జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడవచ్చు. షుగరు రోగులు, బాలింతలు మరీ జాగ్రత్త. వచ్చేటప్పుడు అంతవరకు వాడిన మందుల చీటీలు, ఖాళీ అట్టలు వెంట తీసుకురండి.